లువార్ లోయ వైన్లు: నది, నేల, ద్రాక్ష

లువార్ ఫ్రాన్సులోకెల్లా పొడవైన నది. దక్షిణాన ఆర్దేష్ కొండల్లో జెర్బియే ద జోంక్ అనే గుట్ట పాదాన పుట్టి, ఉత్తరంగా ఓర్లేయాన్ దాకా వెళ్లి, అక్కడ పడమటికి మళ్లి, వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి సాం-నజేర్ దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కలుస్తుంది. ఈ నదికీ దాని ఉపనదులకూ ఇరువైపులా ఉన్న ద్రాక్షతోటల నుంచి వచ్చే వైన్లన్నిటినీ కలిపి లువార్ లోయ వైన్లు అంటారు. తెలుపు, ఎరుపు, గులాబీ, బుడగల వైన్, తేనెలాంటి తీపి వైన్ అన్నీ ఇక్కడ తయారవుతాయి. ఫ్రాన్సులో ఒకే పేరు కింద ఇన్ని రకాలను చూపే వైన్ ప్రాంతాలు తక్కువ. వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న గుణం ఒకటుంది: నోటిని తేటపరిచే పులుపు. ద్రాక్ష పండీ పండని చల్లని చోట సాగు చేయడం వల్ల వచ్చిన గుణమిది. లువార్ రైతు వందల ఏళ్లుగా చేస్తున్న పని, ఈ చలిని లోపంగా కాక సొత్తుగా మార్చుకోవడమే.

నది, వాతావరణం

లోయలోని ప్రధాన ద్రాక్షతోటలు 47 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. చిరకాలంగా ద్రాక్ష సాగుకు ఇది ఉత్తరపు అంచుకు దగ్గర. ఇంకా ఉత్తరానికి పోతే చాలాచోట్ల ఎండ చాలక ద్రాక్ష సరిగా పండేది కాదు. సముద్రం దగ్గర నాంత్ పరిసరాల్లో శీతకాలం మెత్తగా, వేసవి తేమగా ఉంటుంది. తూర్పున సాంసేర్ చేరేసరికి సముద్రపు గాలి ప్రభావం తగ్గిపోయి, చలి ఎండ రెండూ తీవ్రమవుతాయి. మధ్యలో ఉన్న అంజూ, తురేన్ ప్రాంతాలది ఈ రెంటికీ నడిమి వాతావరణం.

ఇలాంటి చోట నది చేసే మేలు పెద్దది. వెడల్పైన నీటి పరుపు పగటి వేడిని పట్టి ఉంచి రాత్రి విడిచిపెడుతుంది. నీటి మీద పడ్డ వెలుతురు ఒడ్డున వాలుగా ఉన్న తోటల మీదికి తిరిగి వస్తుంది. లువార్ ఒంటరి నది కాదు. నెవేర్ దగ్గర ఆలియే, తూర్ నగరం దాటాక వరుసగా షేర్, ఆంద్ర్, వియెన్ వచ్చి కలుస్తాయి. ఆంజే నగరం మీదుగా మేన్ వస్తుంది. నాంత్ దగ్గర సేవ్ర్ కలుస్తుంది. మంచి తోటలు లువార్ గట్లతో పాటు ఈ ఉపనదుల గట్ల మీద కూడా ఉన్నాయి. ఉత్తరాన లువార్ అనే పేరుతోనే ఇంకో చిన్న నది కూడా ఉంది. ఫ్రెంచిలో రెండు పేర్ల ఉచ్చారణ ఒకటే, రాతలో చివరి అక్షరం తేడా. ఆ చిన్న నది ఒడ్డున జానియేర్ అనే తెల్ల వైన్ పేరుమోసింది.

లువార్ ఇప్పటికీ చాలావరకు కట్టడి లేని నది. వేసవిలో ఇసుక మేటలు, లంకలు తేలతాయి. చలికాలంలో వరద వచ్చి అవి మునిగిపోతాయి. సుల్లీ నుంచి శలోన్ వరకు ఉన్న నది భాగాన్ని, దాని కోటలు, ఊళ్లు, తోటలతో సహా, 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నేలలు

పడమటి నుంచి తూర్పుకు ప్రయాణం చేస్తే కాళ్ల కింద రాయి మారుతూ పోతుంది. నాంత్ నుంచి ఆంజే దాకా నేల చాలా పాతది: గ్రానైట్, నైస్, గాబ్రో, నల్లని పలకరాయి. ఆంజే దాటాక ఒక్కసారిగా తెల్లని సున్నపురాయి మొదలవుతుంది. అందుకే అంజూ వాళ్లు తమ ప్రాంతాన్ని నల్ల అంజూ, తెల్ల అంజూ అని రెండుగా చెప్పుకుంటారు. ఒకదానిలో ఇళ్ల కప్పులూ గోడలూ పలకరాతివి, రెండోదానిలో గోడలు తెల్లరాతివి.

ఆ తెల్లరాయి పేరు తుఫో. సముద్రపు అడుగున పేరుకున్న సున్నం, ఇసుక, మైకా కలిసి గట్టిపడిన మెత్తటి రాయి ఇది. రంపంతో కోయవచ్చు. సోమ్యూర్ నుంచి తూర్ వరకు ఉన్న కోటలు, చర్చిలు, మామూలు ఇళ్లు ఈ రాతితో కట్టినవే. రాయిని తవ్వి తీసుకుపోగా మిగిలిన గుహలే తరువాత వైన్ నేలమాళిగలయ్యాయి. లోపల ఏడాది పొడవునా 12 డిగ్రీల చుట్టుపట్ల ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. వూవ్రే ఊరిలో కొండ అంచున వరుసగా తలుపులు కనిపిస్తాయి. తలుపు తీస్తే లోపల ఇల్లు కాదు, కొండ. నల్లబూజు పట్టిన గోడల వెంట పదుల ఏళ్ల నాటి సీసాలు పడుకోబెట్టి ఉంటాయి. అదే రాయి పైన తోటకు మట్టి, కింద వైన్‌కు గూడు, ఊరికి గోడ.

మరింత తూర్పున సాంసేర్ దగ్గర మూడు రకాల నేలలున్నాయి. పురాతన ఆలుచిప్పల అచ్చులు నిండిన తెల్ల సున్నపు బంకమట్టి ఒకటి, చిన్న సున్నపురాళ్ల గులకనేల రెండోది, చెకుముకిరాయి మూడోది. ఆ చెకుముకిరాళ్లను ఒకదానితో ఒకటి కొడితే వచ్చే నిప్పు వాసన వైన్‌లోనూ వస్తుందని అక్కడివారి నమ్మకం.

చరిత్ర

రోమన్ల పాలన ముగిసేనాటికే ఈ లోయలో ద్రాక్ష ఉంది. 6వ శతాబ్దిలో తూర్ బిషప్పుగా ఉన్న గ్రెగరీ తన చరిత్ర గ్రంథంలో, బ్రెటన్లు నాంత్ మీద పడి ద్రాక్షపంట దోచుకుపోయిన సంగతి రాశాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందు తూర్ బిషప్పుగా ఉన్న సెయింట్ మార్టిన్ గురించి ఒక జనశ్రుతి ఉంది. ఆయన మఠం దగ్గర కట్టేసిన గాడిదలు ద్రాక్షతీగలను మొదలంటా కొరికేశాయట. సన్యాసులు ఏడ్చినంత పని చేశారట. మరుసటి ఏడు ఆ తీగలే అందరికన్నా మంచి కాపు కాశాయట. తీగను కత్తిరించి పెంచే విద్య అలా తెలిసిందని చెబుతారు. కథ ఏదైనా, మధ్యయుగంలో తోటలను విస్తరించినవారు మఠాల సన్యాసులే. సావెనియేర్ దగ్గరి కూలే ద సెరాన్ తోటను సిస్టర్షియన్ సన్యాసులు 1130లో నాటారు. ఈనాటికీ అక్కడ ద్రాక్ష పండుతోంది.

1154లో అంజూ ప్రభువు రెండో హెన్రీ ఇంగ్లండు రాజయ్యాడు. అంజూ వైన్లకు లండన్ దారి తెరుచుకుంది. తరువాతి శతాబ్దాల్లో వచ్చిన డచ్ వర్తకులు లోయ రూపాన్నే మార్చేశారు. అంజూ తీపి వైన్లను మంచి ధరకు కొన్నారు. నాంత్ పరిసరాల పలుచని పుల్లటి వైన్లను కాచి బ్రాందీ తీయడానికి కొన్నారు. అంజూకూ బ్రిటనీకీ సరిహద్దు అయిన ఆంగ్రాంద్ దగ్గర సుంకం కట్టాల్సి వచ్చేది. సుంకం భరించగల మంచి వైన్లు సముద్రానికి పోయేవి, మిగిలినవి పారిస్ వైపు ఎగువకు వెళ్లేవి.

పారిస్ ప్రభావం ఇంకోలా పడింది. ఆ నగరానికి ఇరవై లీగుల లోపల వర్తకులు వైన్ కొనరాదని 1577లో పారిస్ న్యాయసభ ఉత్తర్వు చేసింది. దాంతో ఓర్లేయాన్, తురేన్ వైపు గిరాకీ పెరిగింది. 1642లో బ్రియార్ కాలువ తెరుచుకుని లువార్‌ను సేన్ నదితో కలిపింది. పడవలో వస్తూ వస్తూ దారిలో పులిసి పాడైన వైన్‌ను ఓర్లేయాన్‌లో దింపేవారు. అక్కడ దానితో వెనిగర్ చేసేవారు. ఓర్లేయాన్ వెనిగర్ పేరు పొందింది అలా.

1709 చలికాలం లోయకు పెద్ద దెబ్బ. నాంత్ తోటలు చాలావరకు మంచుకు చచ్చిపోయాయి. చలికి ఓర్చే మెలోన్ అనే బుర్గుండీ రకాన్ని వాటి స్థానంలో విరివిగా నాటారు. ఈనాటి ముస్కాదే వైన్ ఆ నష్టం నుంచి పుట్టింది. రెండో దెబ్బ 1880లలో వచ్చింది. అమెరికా నుంచి చేరిన ఫిలాక్సెరా అనే సన్నపురుగు వేళ్లను పీల్చి తోటలను ఎండబెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరు మీద ఫ్రెంచి తీగను అంటుకట్టి తోటలను మళ్లీ నాటారు. అప్పుడు చాలా ఊళ్లు రకాలను మార్చుకున్నాయి. అంతకుముందు ఎర్ర వైన్‌కు పేరున్న సాంసేర్, అంటుకు బాగా పట్టే సావిన్యోన్ బ్లాంక్‌ను ఎంచుకుని తెల్ల వైన్ ఊరయింది. 1935లో ఫ్రాన్సు భౌగోళిక గుర్తింపు చట్టం తెచ్చాక, మరుసటి ఏడు నుంచే కాన్సీ, సాంసేర్, వూవ్రే, ముస్కాదే వంటి పేర్లకు రక్షణ దొరికింది.

ద్రాక్ష రకాలు

నాలుగు రకాలు లోయను పంచుకున్నాయి. సముద్రం దగ్గర మెలోన్, నడుమ తెల్ల వైన్‌కు షెనిన్ బ్లాంక్, ఎర్ర వైన్‌కు కాబెర్నే ఫ్రాంక్, తూర్పున సావిన్యోన్ బ్లాంక్. వీటికి తోడు గామే, పీనో న్వార్, గ్రోలో, పీనో దోనీ, మాల్బెక్ వంటివి అక్కడక్కడా ఉన్నాయి. మాల్బెక్‌ను ఇక్కడ కో అంటారు.

వీటిలో షెనిన్‌ది ప్రత్యేక స్వభావం. వసంతంలో ముందుగా చిగురిస్తుంది, శరత్తులో ఆలస్యంగా పండుతుంది. ముందు చిగురిస్తే మంచు భయం, ఆలస్యంగా పండితే వాన భయం. కానీ ఎంత పండినా దాని పులుపు తగ్గదు. ఆ పులుపే దానికి రక్షణ. చల్లని ఏడాది కాయ పచ్చిగా ఉంటే బుడగల వైన్ చేస్తారు. ఓ మాదిరి ఏడాదైతే తీపి లేని వైన్, బాగా ఎండ కాస్తే సగం తీపి వైన్, కాయ తీపిని చిక్కబరిచే బూజు పట్టే అదృష్టం ఉంటే పూర్తి తీపి వైన్. ఒకే తోట, ఒకే రైతు, నాలుగు రకాలు. ఏడాదిని బట్టి ఏది చేయాలో కాయే చెబుతుంది. మంచి తీపి షెనిన్ యాభై ఏళ్లు, అంతకు మించి కూడా నిల్వ ఉంటుంది.

కాబెర్నే ఫ్రాంక్‌ను లోయ వాసులు ‘బ్రెతోన్’ అంటారు. బ్రిటనీలోని నాంత్ రేవు మీదుగా ఈ ద్రాక్ష వచ్చిందని ఆ పేరు పెట్టారంటారు. 1997లో జన్యు పరీక్షలు ఒక సంగతి తేల్చాయి. ప్రపంచమంతా పండించే కాబెర్నే సావిన్యోన్‌కు తల్లిదండ్రులు కాబెర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్. ఆ రెండూ ఈ లోయలో ముఖ్యమైన ద్రాక్షలే.

నాంత్ ప్రాంతం: ముస్కాదే

సముద్రం దగ్గరి తోటల్లో ఎక్కువ భాగం మెలోన్ ద్రాక్షదే. దాని వైన్ పేరు ముస్కాదే. సేవ్ర్, మేన్ అనే రెండు చిన్న నదుల నడుమ ఉన్న భాగం దీనికి గుండెకాయ. (ఈ మేన్, ఆంజే దగ్గరి మేన్ నది వేరువేరు.) మెలోన్ స్వతహాగా సాదా ద్రాక్ష. దానికి పెద్దగా వాసన లేదు, తీపి ఎక్కువ లేదు. దాన్ని నిలబెట్టింది ‘సుర్ లీ’ అనే పద్ధతి, అంటే మడ్డి మీద ఉంచడం.

రసం పులిసి వైన్ అయ్యాక ఈస్టు కణాలు చచ్చి తొట్టి అడుగున తెల్లని మడ్డిగా పేరుకుంటాయి. మామూలుగా వైన్‌ను వెంటనే పైనుంచి తోడేసి మడ్డిని పారేస్తారు. ఇక్కడ తోడరు. నాంత్ పల్లెల్లో నేల కింద కట్టి, లోపల గాజుపలకలు అతికిన తొట్లలో వైన్ చలికాలమంతా కదలకుండా ఆ మడ్డి మీదే పడి ఉంటుంది. వసంతం వచ్చాక నేరుగా తొట్టి నుంచి సీసాలోకి దింపుతారు. మడ్డి నుంచి వైన్‌కు కాస్త కండ, రొట్టె వాసన, నాలుక మీద సన్నని బుడగ చురుకు వస్తాయి. పూర్వం ఇంట్లో పెళ్లికోసమని ఒక మంచి పీపాను తోడకుండా పక్కన పెట్టేవారట. అది మిగిలినవాటికన్నా రుచిగా ఉండడం చూసి ఈ పద్ధతి వాడుకలోకి వచ్చిందని చెబుతారు.

పచ్చి ఆలుచిప్పలతో ముస్కాదే తాగడం అట్లాంటిక్ తీరమంతటా అలవాటు. చవక వైన్ అన్న పేరు మాత్రం దీన్ని చాలాకాలం వెంటాడింది. గిరాకీ పడిపోయి తోటల విస్తీర్ణం గత ముప్పై ఏళ్లలో బాగా తగ్గింది. దీనికి జవాబుగా రైతులు కొన్ని ఊళ్ల పేర్లను విడిగా నిలబెట్టారు. 2011లో క్లిసోన్, గోర్జ్, ల పాలే అనే మూడు ఊళ్లకు ప్రత్యేక గుర్తింపు వచ్చింది. తరువాత మరికొన్ని చేరాయి. క్లిసోన్‌ది గ్రానైట్ నేల, గోర్జ్‌ది గాబ్రో నేల. ఈ వైన్లు ఏడాదిన్నర, రెండేళ్లు మడ్డి మీద ఉంటాయి. పదేళ్లు నిలిచే ముస్కాదే ఉంటుందని వీటిని రుచి చూసినవారు ఒప్పుకుంటారు.

ఈ ప్రాంతంలోనే ఫోల్ బ్లాంష్ ద్రాక్షతో గ్రో ప్లాన్ అనే మరింత పుల్లని తెల్ల వైన్ చేస్తారు. డచ్ వర్తకుల బ్రాందీ కోసం నాటిన ద్రాక్ష ఇది.

అంజూ: తీపి, పొడి, గులాబీ

అంజూలో షెనిన్ రెండు శిఖరాలు ఎక్కింది. ఒకటి సావెనియేర్. నదికి ఉత్తరపు గట్టున, పలకరాతి వాలు మీద, తీపి లేని, గంభీరమైన తెల్ల వైన్ ఇక్కడిది. దీనిలోని కూలే ద సెరాన్ తోట సుమారు 7 హెక్టార్లు. ఒక్క తోటే అయినా దానికి సొంత గుర్తింపు పేరు ఉంది. దాని యజమాని నికోలా జోలీ 1980లలో రసాయనాలు మాని బయోడైనమిక్ సాగుకు మారాడు. ఆ పద్ధతికి ప్రపంచమంతటా గట్టిగా వాదించినవారిలో ఆయన ఒకడు.

రెండో శిఖరం లేయోన్ నది లోయ. అక్టోబరులో తెల్లవారుజామున ఆ చిన్న నది మీద పొగమంచు లేస్తుంది, తోటలను కమ్మేస్తుంది. పది పదకొండు గంటలకు ఎండ వచ్చి ఆ తేమను ఆరబెడుతుంది. ఈ తడి, ఈ ఎండ ఒకదాని వెంట ఒకటి రావడమే బోట్రిటిస్ అనే బూజుకు కావలసింది. బూజు కాయ తొక్కలో కంటికి కనపడని రంధ్రాలు చేస్తుంది. నీరు ఆవిరవుతుంది. కాయ ముడుతలు పడి ఎండుద్రాక్షలా అవుతుంది. తీపి, పులుపు, వాసన చిక్కబడతాయి. ఫ్రెంచివాళ్లు దీన్ని ‘ఉత్తమమైన కుళ్లు’ అంటారు. వాన ఎక్కువైతే అదే బూజు పంటను నిజంగా కుళ్లబెడుతుంది.

గుత్తిలోని కాయలన్నీ ఒకేసారి ఇలా మారవు. అందుకని కోతగాళ్లు ఒకే వరుసకు మూడు నాలుగుసార్లు, కొన్ని ఏళ్లలో అంతకన్నా ఎక్కువసార్లు వస్తారు. వచ్చినప్పుడల్లా సిద్ధమైన కాయలను మాత్రమే తీసి మిగిలినవాటిని తీగకే వదిలేస్తారు. నవంబరు దాకా ఈ పని సాగుతుంది. అంత కష్టం చేస్తే ఒక తీగ నుంచి వచ్చేది కొద్దిపాటి రసమే. ఈ లోయలో కోతో ద్యు లేయోన్ విస్తృతమైన పేరు, బొన్‌జో, కార్ ద షోమ్ ఎన్నికైనవి. కార్ ద షోమ్ అంటే షోమ్ వారి పావువంతు. పూర్వం అక్కడి భూస్వామి పంటలో నాలుగో భాగాన్ని, తనకు నచ్చిన వాలు నుంచి, కౌలుగా తీసుకునేవాడు. మంచి చోటు ఏదో అప్పుడే తేలిపోయింది. 2011లో కార్ ద షోమ్‌కు ‘గ్రాన్ క్రూ’ అనే అగ్రశ్రేణి హోదా దక్కింది. లువార్ మొత్తంలో ఆ హోదా దానికే ఉంది.

అంజూలో రాశిలో పెద్దది మాత్రం గులాబీ వైన్. గ్రోలో ద్రాక్షతో చేసే రోజే దాంజూ, కాబెర్నేలతో చేసే కాబెర్నే దాంజూ కొద్దిగా తియ్యగా, చల్లగా తాగడానికి వీలుగా ఉంటాయి.

సోమ్యూర్: గుహల్లో బుడగలు

1811లో జాన్-బాప్తిస్త్ ఆకెర్మాన్ సోమ్యూర్‌లో వ్యాపారం మొదలుపెట్టి, షాంపేన్ పద్ధతిలో బుడగల వైన్ చేయడానికి ఈ ఊరు తగినదని చూపించాడు. పుల్లని షెనిన్ ఉంది, చల్లని తుఫో గుహలు ఉన్నాయి. ఒకసారి పులిసిన వైన్‌కు పంచదార, ఈస్టు కలిపి సీసాలో మూసేస్తారు. అది సీసాలోనే రెండోసారి పులిసి, పుట్టిన వాయువు బయటికి పోలేక వైన్‌లోనే కరుగుతుంది. నెలల తరువాత సీసాను క్రమంగా తలకిందులు చేసి మూతి దగ్గరికి చేరిన మడ్డిని తీసేస్తారు. సోమ్యూర్ గుహల్లో కొన్ని వైన్‌కు, కొన్ని పుట్టగొడుగుల పెంపకానికి వాడుకయ్యాయి. 1975లో క్రెమాన్ ద లువార్ అనే పేరుకు గుర్తింపు వచ్చింది. దీనికి ద్రాక్షను చేతితోనే కోయాలి, సీసాలో కనీసం ఏడాది ఉంచాలి. షాంపేన్ తరువాత ఫ్రాన్సులో బుడగల వైన్‌కు లువార్ ముఖ్యమైన చోటు.

1851లో మొదలైన సోమ్యూర్ సంస్థ బూవే-లాద్యుబేకు భారతదేశంతో సంబంధం ఉంది. 2006లో విజయ్ మాల్యాకు చెందిన యూబీ గ్రూప్ దాన్ని కొన్నది. 2015లో అది తిరిగి పాత కుటుంబం చేతికి వచ్చింది. ఈ ఊరి పక్కనే సోమ్యూర్-శాంపిన్యీ, కాబెర్నే ఫ్రాంక్‌తో చేసే మృదువైన ఎర్ర వైన్‌కు పేరు పొందింది.

తురేన్: షినాన్, బుర్గేయ్, వూవ్రే

షినాన్ వియెన్ నది మీద ఉంది. ఇంగ్లండు రాజు రెండో హెన్రీ 1189లో చనిపోయింది ఇక్కడి కోటలోనే. రచయిత రాబ్లే పుట్టింది దీని దగ్గరే. షినాన్ ఎర్ర వైన్‌కు రెండు ముఖాలు. నది పక్క ఇసుక, గులక నేలల ద్రాక్షతో చేసినది తేలిక, ఏడాది రెండేళ్లలో తాగేయాలి. పైనున్న తుఫో వాలు ద్రాక్షతో చేసినది చిక్కన, పదేళ్లయినా ఆగుతుంది. లువార్ ఉత్తరపు గట్టున బుర్గేయ్, సాం-నికోలా ద బుర్గేయ్ ఇలాంటి వైన్లకే పేరు. కాబెర్నే ఫ్రాంక్ సరిగా పండకపోతే పచ్చి క్యాప్సికం వాసన వేస్తుంది. బాగా పండితే రాస్‌బెర్రీ, వయొలెట్ పూల వాసన ఇస్తుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించడానికే మంచి రైతు ఆకులు తీసి గాలి ఆడేలా చూస్తాడు, కాపు తగ్గిస్తాడు.

తూర్ నగరానికి తూర్పున ఉత్తరపు గట్టున వూవ్రే, ఎదురుగా దక్షిణపు గట్టున మోన్‌లూయీ. రెండూ షెనిన్ ఊళ్లే. వూవ్రేలో పై నేల రెండు రకాలు. చెకుముకిరాళ్లు కలిసిన బంకమట్టిని పెరుష్ అని, సున్నపు బంకమట్టిని ఓబుయీ అని పిలుస్తారు. పెరుష్ వైన్ బిగువుగా, ఓబుయీ వైన్ నిండుగా ఉంటుందంటారు. 1928లో మొదలైన యుయే కుటుంబపు తోటలు ఈ ఊరి ప్రతిష్ఠకు చాలా మేలు చేశాయి. గాస్తోన్ యుయే చాలాకాలం ఊరికి మేయరు కూడా. అతివేగపు రైలు మార్గం తోటల మీదుగా పోతుందన్నప్పుడు ఆయన పోరాడాడు. చివరికి రైలు తోటల కింద సొరంగంలోంచి పోయింది.

తురేన్‌లో సావిన్యోన్, గామేలతో చేసే చవకైన, తాజాగా తాగే వైన్లు కూడా విరివిగా ఉన్నాయి. బ్లువా దగ్గరి కూర్-షెవెర్నీలో రొమొరాంతాన్ అనే అరుదైన తెల్ల ద్రాక్ష ఉంది. 1519 ప్రాంతంలో మొదటి ఫ్రాన్సువా రాజు దీన్ని బుర్గుండీ నుంచి తెప్పించాడని చెబుతారు. షాంబోర్ కోట పని మొదలైంది కూడా అదే ఏడు.

సాంసేర్, పుయీ

నది ఉత్తరానికి ప్రవహించే భాగంలో, ఒక గట్టున సాంసేర్, అవతలి గట్టున పుయీ-సుర్-లువార్. ఫ్రాన్సులో సావిన్యోన్ బ్లాంక్‌కు ఈ రెండు ఊళ్లే పెద్ద పేరు. సాంసేర్ కొండ మీది ఊరు. దాని చుట్టూ 14 గ్రామాల్లో తోటలున్నాయి. అక్కడి షావిన్యోల్ అనే ఊరు మేకపాల జున్నుకు కూడా పేరు పొందింది. ఆ జున్ను, ఈ వైన్ కలిపి తినడం ఆ ఊరి ఆనవాయితీ. తెల్ల వైన్‌కు గుర్తింపు 1936లో, పీనో న్వార్‌తో చేసే ఎరుపు, గులాబీ వైన్లకు 1959లో వచ్చాయి.

అవతలి గట్టు వైన్ పేరు పుయీ-ఫ్యుమే. ‘ఫ్యుమే’ అంటే పొగపట్టినది. పండిన కాయ మీద కనిపించే బూడిదరంగు పొర వల్ల ఆ పేరు వచ్చిందని కొందరు, చెకుముకి వాసన వల్ల అని కొందరు అంటారు. 1960లలో కాలిఫోర్నియాలో రాబర్ట్ మొండావీ తన సావిన్యోన్‌కు ‘ఫ్యుమే బ్లాంక్’ అని పేరు పెట్టుకున్నది దీన్ని చూసే. ఈ ఊరి వైన్ ప్రమాణాన్ని పెంచినవారిలో దిదియే దాగ్నో ముఖ్యుడు. కాపు తగ్గించి, ఓక్ పీపాల్లో జాగ్రత్తగా పులియబెట్టి సావిన్యోన్‌కు గాంభీర్యం తెచ్చాడు. 2008లో విమాన ప్రమాదంలో మరణించాడు.

షేర్ నది వైపు కాన్సీ, రయీ, మెనెతూ-సాలోన్ కూడా ఈ కోవకే చెందుతాయి.

ఎగువ లువార్

నెవేర్‌కు దక్షిణంగా నది పుట్టిన కొండల వైపు వెళ్తే తోటలు చెదురుమదురుగా ఉంటాయి. సాం-పూర్సేన్ వైన్ మధ్యయుగంలో రాజుల భోజనాల బల్లల మీద ఉండేది. కోత్ రువానేజ్, కోత్ ద్యు ఫోరే, అగ్నిపర్వత నేలల కోత్ దోవేర్న్య్ గామే ఎర్ర వైన్లు చేస్తాయి. ఇవన్నీ చిన్న ప్రాంతాలే. కానీ లువార్ కథ సముద్రం దగ్గరే కాదు, నది పుట్టిన చోటా ఉందని గుర్తుచేస్తాయి.

సీసా మీది పేరు

లువార్ సీసా మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరే ఉంటుంది. వూవ్రే అంటే షెనిన్ అని, తెల్ల సాంసేర్ అంటే సావిన్యోన్ అని, షినాన్ అంటే దాదాపుగా కాబెర్నే ఫ్రాంక్ అని కొనేవారే తెలుసుకోవాలి. పుయీ-ఫ్యుమేను బుర్గుండీలోని పుయీ-ఫుయిసేతో కలపకూడదు. అది షార్డొనే వైన్. షెనిన్ సీసాల మీద ‘సెక్’ అంటే తీపి లేనిది, ‘దెమీ-సెక్’ అంటే కాస్త తీపి, ‘ముయెలో’ అంటే తీపి, ‘దూ’ అంటే బాగా తీపి. ఈ నాలుగు మాటలు తెలిస్తే వూవ్రే సీసా కొనేటప్పుడు పొరపాటు జరగదు.

నేటి పరిస్థితి

వేడెక్కుతున్న వాతావరణం లువార్‌కు రెండు వైపులా పదునున్న కత్తి. ఒకప్పుడు పచ్చిగా మిగిలే కాబెర్నే ఫ్రాంక్ ఇప్పుడు తరచుగా బాగా పండుతోంది. కోత గత తరంకన్నా ముందుగా వస్తోంది. కానీ చలికాలం మెత్తబడడంతో చిగుళ్లు కూడా ముందే వస్తున్నాయి. ఏప్రిల్‌లో పడే మంచు ఆ లేత చిగుళ్లను మాడ్చేస్తోంది. 2016, 2017, 2021 సంవత్సరాల్లో లోయలో చాలా తోటలు ఇలా దెబ్బతిన్నాయి. ఆ రాత్రుళ్లు రైతులు వరుసల మధ్య మైనపు బుంగలు వెలిగిస్తారు, గాలిపంకాలు తిప్పుతారు, నీళ్లు చల్లుతారు. తెల్లారేసరికి మిగిలినదే ఆ ఏటి పంట.

రసాయనాలు తగ్గించే సాగు, సల్ఫైట్లు బాగా తక్కువగా వాడే వైన్ తయారీ ఈ లోయలో బలంగా వ్యాపించాయి. భూమి ధర చాలాచోట్ల బుర్గుండీ కన్నా తక్కువ కావడం వల్ల కొత్తవారు వచ్చి తోటలు కొనగలుగుతున్నారు. పాత రకాలైన పీనో దోనీ, గ్రోలోలను మళ్లీ పట్టించుకుంటున్నారు.

లోయ దాటిన ద్రాక్ష

లువార్ ద్రాక్షలు లువార్‌లోనే ఆగలేదు. షెనిన్ 17వ శతాబ్దిలోనే దక్షిణాఫ్రికా చేరి, అక్కడ స్టీన్ అనే పేరుతో ఫ్రాన్సుకన్నా ఎక్కువ విస్తీర్ణంలో పాతుకుంది. సావిన్యోన్ బ్లాంక్ న్యూజిలాండ్‌కు పేరు తెచ్చింది. భారతదేశంలో ఈ రెండు ద్రాక్షలూ మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో పండుతున్నాయి. సూలా సంస్థ 2000లో తొలి వైన్లను మార్కెట్‌లోకి తెచ్చినప్పుడు వాటిలో షెనిన్ బ్లాంక్, సావిన్యోన్ బ్లాంక్ ఉన్నాయి. ‘నాసిక్ వ్యాలీ వైన్’ అనే పేరుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నాసిక్ ఉన్నది గోదావరి ఒడ్డున. ఆ నది పుట్టిన త్ర్యంబకేశ్వర్ అక్కడికి దగ్గరలోనే ఉంది. లువార్ గట్టున పెరిగిన ద్రాక్ష ఈనాడు గోదావరి ఎగువ గట్టున పండుతోంది.